గోడ జరిగింది

ఆ ఏడాది రథయాత్ర నాడు పట్టుకున్న వాన దసరా దాకా ఒడిశాలోని మా రాయగడని వదల్లేదు. నడుమ ఎండ కాసిన రోజుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ వానల్లోనే మా చెల్లెలు మనీష కొరాపుట్ కాలేజీ నుంచి ఇంటికొచ్చి, మా హోల్‌సేల్ కిరాణా దుకాణంలో ఒక మూల ల్యాప్‌టాప్ పెట్టుకుని, చదువు ఆఖరి ప్రాజెక్టుగా ఒక వీడియో గేమ్ తయారు చేసింది. ఆ గేమ్‌లో శత్రువు పేరు తోపు. ఈ కథ వాడిది. కొంత నాది కూడా. నాది వచ్చినచోట నేను తప్పించుకోవాలని చూస్తే మీరే పట్టుకోండి.

రథయాత్ర నాటి మధ్యాహ్నం బేరాల్లేవు. ఊరంతా రథం దగ్గర తడుస్తోంది. నాన్న చంద్రశేఖరం గల్లా దగ్గర కూర్చునే కునుకు తీస్తున్నాడు.

“అన్నియ్యా, ఇలా వచ్చి సూడు,” అంది మనీష.

తెర మీద గొడుగు పట్టుకున్న పిల్ల ఒకతె ఉంది. చుట్టూ చెక్కపెట్టెలు, మెట్లు, గుంతలు. మీటలు నొక్కి ఆ పిల్లని గెంతిస్తూ ఈ చివర నుంచి ఆ చివరకి చేర్చాలి. ఎడమ చివర ఇటుక గోడ, దాని మీద క్యాలెండరు. మా గొడౌన్ వెనకగోడని చూసి గీసిందని తెలిసిపోతూనే ఉంది. క్యాలెండరులో మా ఊరి మజ్జిగౌరమ్మ తల్లి గోరంత ఎర్రచుక్కయి కూర్చుంది. ఇంతలో కుడిపక్క నుంచి ఒకడు వచ్చాడు. ఆకారం మనిషిదే కాని మొహం లేదు. మొహం ఉండాల్సినచోట గోధుమరంగు గడి ఒకటి ఉందంతే.

“వీడే తోపు,” అంది.

“తోపంటే మొనగాడనా, తోసేవాడనా?”

“రెండూను. కరవడు, కాల్చడు. ఎదురుగా ఏటుంటే అది తోస్తాడు, అంతే. పెట్టెలు పిల్ల మీదకి తోసుకొస్తాడు. పెట్టెకీ గోడకీ మధ్యన ఇరుక్కున్నాదంటే పిల్ల పోతాది.”

తోపు కుడిభుజం పెట్టెకి ఆనించాడు. ఎడమకాలు కొంచెం ఈడుస్తూ నాలుగడుగులు తోశాడు. ఆగి మెడ వెనక చేత్తో తుడుచుకున్నాడు. మళ్లీ నాలుగడుగులు. ఆ నడక ఎవరిదో నాకు రెండోసారి ఆగేటప్పటికే తెలిసింది. తెలిసినా నేను నోరు విప్పలేదు, ఊరుకోవడం నా జాతకంలోనే లేని మనిషిని.

అమ్మ టీ గ్లాసులు తెచ్చి, మా భుజాల మీదుగా తెరవంక చూసింది.

“ఇదేటే, మన ధనుంజయ్ కాదేటి?”

“నడక ఒక్కటే తీసుకున్నానమ్మా,” అంది మనీష గొంతు తగ్గించి. “నిరుడు ధనుంజయ్ భాయి బస్తాలు తోస్తంటే ఫోన్లో తీసేను. ఆ వీడియో సూసే గీసేను.”

దుకాణానికీ గొడౌన్‌కీ మధ్య ఒక గోనెపట్టా తెర ఉంటుంది. అవతల కందిపప్పు పొట్లాలకి సీలు వేసే మెషీను అప్పటిదాకా టక్కు టక్కుమంటూ ఉన్నది ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది. అక్కడ కూర్చుని సీలు వేస్తున్నది ధనుంజయ్ కూతురు లిప్సా.

ధనుంజయ్ మా గొడౌన్లో ఇరవై రెండేళ్లు పనిచేశాడు. కల్యాణసింగ్‌పూర్ దాటాక కొండపక్క ఊరు అతనిది. మిగతా కళాసీలు బస్తాని వీపు మీద మోసేవారు. ఇతనికి నడుం పట్టేశాక మొయ్యలేక, గోనెపట్టా మీద బస్తా పెట్టి భుజంతో తోసేవాడు. ఇంట్లో దేశియా మాట్లాడేవాడు, తెలుగు మా దగ్గరే నేర్చాడు. బస్తాల మధ్య నేర్చిన తెలుగు కదా, ఎత్తు, దించు, తొయ్యి, జరుగు, జరుపు, ఈ నాలుగైదు మాటలతోనే సంసారమంతా నెట్టుకొచ్చేవాడు. బస్సు వెళ్లిపోతే “బస్సు జరిగింది” అనేవాడు. జ్వరం తగ్గితే “జొరం జరిగింది” అనేవాడు. నా పెళ్లప్పుడు అతను ఊళ్లో లేడు. తిరిగొచ్చాక నాన్న “రఘు పెళ్లి జరిగింది ధనుంజయ్” అన్నాడు. అతను తెల్లబోయి చూసి, “ఏ ఊరికి సావుకారు?” అని అడిగాడు.

ఆ మాట మా ఇంట్లో ఏడేళ్లు బతికింది. కరెంటు పోతే ఏ ఊరికి, అల్లరి జరిగిందంటే ఏ ఊరికి. అందరికంటే ఎక్కువ వాడుకున్నవాణ్ణి నేను. ధనుంజయ్ ముందే వాడేవాణ్ణి. అతనూ నవ్వేవాడు, ఎందుకో తెలిసి నవ్వేవాడో లేదో నేనెప్పుడూ ఆలోచించలేదు.

నిరుడు శ్రావణంలో వెనకగోడని ఆనుకుని ఉన్న పన్నెండు వరసల బస్తాల పేర్పు కూలి అతని మీద పడింది. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు. పేర్పు వంకరగా వేశాడు, తప్పు అతనిదే అని చూసినవాళ్లూ చూడనివాళ్లూ కలిసి తేల్చారు. అతని ఇంటివాళ్లకి చెయ్యాల్సింది నాన్న చేశాడు. “జరిగిందేదో జరిగింది,” అంది అమ్మ. అందరం ఆ మాట దగ్గరే ఆగాం.

లిప్సా ప్లస్ టూ అయ్యాక ఇంటిదగ్గర రెండేళ్లుండి, ఈ ఎండాకాలమే మా దగ్గర చేరింది. తండ్రిలా కాదు, తెలుగు బాగా వచ్చు. వెనకగోడకి చేరబడి, పీట మీద కూర్చుని, తలెత్తకుండా పని చేసేది. రథయాత్ర అయిన నాలుగోరోజు, పసుపు బస్తాలు ఎన్నున్నాయో చూడటానికి నేను లోపలికి వెళ్లినప్పుడు మెషీను ఆపింది.

“రఘుభాయి, ఒక మాట అడగనా?”

“అడుగమ్మి.”

“మా ఊళ్లో కళాసీలు పేర్పు కొంచెం వంకరొస్తే ‘ధనుంజయ్ పేర్పు’ అంటన్నారు. ఎగతాళికి. మా అమ్మ ఎదురుగానే అంటారు. ఇరవై రెండేళ్లు తిన్నగా పేర్చినోడు ఆ ఒక్కరోజు ఎలా తప్పేడు భాయి? అంతకు ముందు మీతో ఏటైనా అన్నాడా?”

“ఏటీ అనలేదమ్మి,” అన్నాను.

అబద్ధం అంత సులువుగా వస్తుందని నాకప్పటిదాకా తెలీదు. బేరంలో ఆడే అబద్ధాలు వేరు, వాటికి అవతలివాడు కూడా సిద్ధపడి ఉంటాడు.

శ్రావణం వచ్చేసరికి మనీషకి తోపుతో తగువు మొదలైంది. వాడు చెప్పిన మాట వినటం లేదు. పెట్టెలు పిల్ల వైపు తొయ్యమని రాస్తే, వాడు పిల్లని దాటుకుని, పెట్టెలన్నీ ఎక్కి దిగి, గోడ దగ్గరకి వెళ్తాడు. గోడకి వీపు పెట్టి పెట్టెల్ని ఇవతలికి తోస్తాడు. గోడకీ పెట్టెలకీ మధ్య ఒక మనిషి పట్టేంత సందు వచ్చేదాకా తోసి, ఆగి మెడ తుడుచుకుంటాడు. పిల్లని ఏమీ చెయ్యడు.

“ఎక్కడో ఒక గుర్తు తప్పేసుంటావు. ఎడమని కుడి సేసుంటావు,” అన్నాను.

“మూడుసార్లు మొత్తం సెరిపేసి రాసేను అన్నియ్యా. రాసిన పూట బాగానే ఉంటన్నాడు. భోజనం సేసి వచ్చేసరికి మళ్లీ గోడకాడ ఉంటన్నాడు. గోడ లేని లెవెల్ ఒకటుంది. అందులో వాడు తెరమీదకే రావట్లేదు.”

“పనిదొంగేమో.”

మనీష నవ్వలేదు. “ధనుంజయ్ భాయిని ఆ మాట అనకు,” అంది. తోపుని అన్నాను కాని ధనుంజయ్‌ని కాదని చెప్పబోయి మానుకున్నాను. ఆ రోజు నుంచి మా ఇద్దరిలో ఎవరమూ ఆ బొమ్మని ‘అది’ అనలేదు.

తరవాత రెండు మూడు రోజుల పాటు మధ్యాహ్నాలు నేను ల్యాప్‌టాప్ పక్కనుంచి నడవాల్సి వస్తే చుట్టు తిరిగి వెళ్లేవాణ్ణి. మనీష భోజనానికి లేచినా తెర వెలుగుతూనే ఉండేది. ఎవరూ ఆడకపోయినా తోపు తన పని తను చేసుకుంటూ ఉండేవాడు. బయట రేకుల మీద వాన చప్పుడు, లోపల టక్కు టక్కుమని లిప్సా మెషీను, మధ్యలో చప్పుడు లేకుండా వాడు. నాకు పట్టపగలు, బజారు నడిబొడ్డున, ఒంటి మీద రోమాలు లేచేవి. చెప్పుకుంటే నవ్వుతారని చెప్పుకోలేదు. నవ్వించేవాడికి నవ్వులపాలవడమంటే చావు భయం.

నాకు అసలు భయం ఆ బొమ్మ మీద కాదు, దాని వెనకున్న వీడియో మీద. “ఆ వీడియోలో సౌండుందా?” అని ఒకరోజు మామూలుగా అడిగినట్టు అడిగాను.

“ఉంటాదేమో. తీసినప్పుడు సెవుల్లో పాటలు పెట్టుకునున్నాను, తరవాత సౌండు ఆపేసే సూసేను. నడకకి సౌండెందుకు?” అని ఫోను నా చేతికిచ్చి, అమ్మ పిలిస్తే లోపలికి వెళ్లింది.

ఫోను చెవికి ఆనించుకుని విన్నాను. నలభై సెకన్లు. అతను పోవడానికి మూడు రోజుల ముందు తీసినది. గోడని ఆనుకుని ఉన్న బస్తాల్ని ఒక్కొక్కటే ఇవతలికి తోస్తున్నాడు ధనుంజయ్. దుకాణంలోంచి నాన్న గొంతు, “లోపలేటి జరిగిందిరా, పేర్పు తీసేస్తన్నాడు?” నా గొంతు, “ఏటి జరిగింది ధనుంజయ్?” అతను ఆగి, మెడ తుడుచుకుని, నా వైపు తిరిగి అన్నాడు, “గోడ జరిగింది బాబు.”

తరవాత నా నవ్వు. “గోడ జరిగిందా? ఏ ఊరికి?”

అతను నవ్వలేదు. “జరిగింది బాబు,” అన్నాడు మళ్లీ, గోడ మీద అరచెయ్యి పెట్టి. నేను దుకాణం వైపు కేకేశాను, “ఏటీ లేదు నాన్నా, వీడి తెలుగు వీడిది.” ఆ పైన అతనితో, “జాగా వృథా అవుతాది, మళ్లీ గోడకి తోసీ.” అతను తోశాడు.

ఎవరితోనూ చెప్పలేదు నేను. ఆ రోజు చెప్పకపోవడం తెలివితక్కువ. పేర్పు పడ్డాక చెప్పకపోవడం పిరికితనం. లిప్సా అడిగినప్పుడు చెప్పకపోవడానికి నాకు తెలిసిన తెలుగులో పేరు లేదు.

ఆ వీడియో తీసేశాను. తీసేసినవి కొన్నాళ్లు ఒక మూల దాగుంటాయని తెలుసు కనక అక్కడ్నుంచి కూడా తీసేశాను. అంత జాగ్రత్త నేను వ్యాపారంలో ఏనాడూ పడలేదు. మనీష వచ్చి ఫోను తీసుకుంది. బొమ్మలన్నీ అప్పటికే గీసేసింది కాబట్టి దాని కోసం వెతకలేదు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

భాద్రపదంలో వారం రోజులు తెరిపి లేకుండా కురిసింది. నాగావళి ఎర్రగా, బురదగా పోతోందని చూసొచ్చినవాళ్లు చెప్పుకున్నారు. ఒక గురువారం, మధ్యాహ్నం రెండు గంటలవేళ, మనీష నన్ను పిలిచింది.

“అన్నియ్యా, వాడు మాట్లాడతన్నాడు.”

“సౌండు పెట్టేవా?”

“సౌండు లేదు. నోరు ఆడతన్నాది. నేను నోరు గియ్యలేదు.”

కూర్చున్నాను. మనీష పిల్లని గోడ పక్కన నిలబెట్టి, మీటల మీంచి చేతులు తీసేసింది. తోపు వచ్చాడు. పెట్టెలు ఎప్పటిలాగే గోడ నుంచి ఇవతలికి తోశాడు. ఇంక తొయ్యడానికేమీ మిగల్లేదు. అప్పుడు వెనక్కి వచ్చి, భుజం పిల్లకి ఆనించి, తోశాడు. పిల్ల పాదాలు నేల మీద జారుతూ ఇవతలికి వచ్చేసింది.

“పిల్లని తోసేటట్టు నేను రాయలేదు,” అంది మనీష. “పిల్ల తగిలితే వాడు దాటిపోవాలి, అంతే.”

నేను మీటలు నొక్కి పిల్లని మళ్లీ గోడ దగ్గరకి పంపాను. మళ్లీ తోశాడు. మూడోసారి పంపాను. ఈసారి తొయ్యలేదు. గోడకీ పిల్లకీ మధ్య నిలబడి, మెడ తుడుచుకుని, మా వైపు తిరిగాడు. ఆ గోధుమరంగు గడి మధ్యలో ఒక నల్లచుక్క తెరుచుకుంది, మూసుకుంది. తెరుచుకుంది, మూసుకుంది. తరవాత కాస్త ఆగి మళ్లీ మొదటినుంచి.

“ప్రతిసారీ ఆరే,” అంది మనీష. “ఆరుసార్లు తెరిచి ఆగుతన్నాడు. పొద్దుటి నుంచి లెక్కపెడతన్నాను.”

నేను ఒడిలో వేళ్లు మడుస్తూ, వాడి నోరు తెరుచుకున్నప్పుడల్లా లోపల ఒక్కో అక్షరం పెట్టి చూశాను. గో. డ. జ. రి. గిం. ది. సరిపోయింది. నేను చెరిపేసింది చప్పుడునే. ఆ మాట పోలేదు.

అవతల మెషీను టక్కు టక్కుమంటూనే ఉంది.

గోనెపట్టా తెర తీసుకుని లోపలికి వెళ్లాను. లిప్సా పీట మీద, గోడకి చేరబడి కూర్చునుంది. ఆమె తలకి మూరెడు పైన మజ్జిగౌరమ్మ క్యాలెండరు. గొడౌన్లో కాగితం కదిలేంత గాలి లేదు. క్యాలెండరు మేకుకి తిన్నగా వేలాడుతోంది. కాని దాని కింది అంచుకీ గోడకీ మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉంది. ఏ గాలీ దాన్ని లేపలేదు. క్యాలెండరు తిన్నగానే ఉంది, గోడే తిన్నగా లేదు. పైనుంచి మా మీదకి ఒరుగుతోంది. ఆ గోడ వెనక మా జాగా లేదు, గుట్ట ఉంది. వారం రోజుల వాన తాగిన గుట్ట.

“లిప్సా, లే. ఇటొచ్చీ.”

“ఈ గంపెడు అయిపోతే లేస్తాను భాయి.”

“గంప వొగ్గేయ్. లే.”

నా గొంతులో ఏముందో, ఆమె లేచి వచ్చేసింది. మెషీను ఆగేసరికి దుకాణంలోంచి నాన్న కేకేశాడు.

“లోపలేటి జరిగిందిరా?”

ఏడాదిగా నోట్లో ఉంచుకున్న జవాబు అది.

“గోడ జరిగింది నాన్నా.”

ఎవరైనా నవ్వుతారేమోనని నిలబడ్డాను. ఎవరూ నవ్వలేదు. నాన్న చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చాడు. క్యాలెండరు వంక చూశాడు. దాని వెనకకి చెయ్యి పోనిచ్చి, మణికట్టుదాకా పట్టడం చూసుకుని, చెయ్యి తీసేశాడు.

“నీకెవరు సెప్పేరు?”

“ధనుంజయ్.”

“ఎప్పుడు?”

“పోడానికి మూడు రోజుల ముందు. బస్తాలు అందుకే ఇవతలికి తోసేడు. నేను మళ్లీ గోడకి తోయించేను.”

“నాతో సెప్పలేదేటి?”

“నవ్వేను నాన్నా.”

నాన్న పసుపు బస్తా మీద కూర్చుండిపోయాడు. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండును. తలెత్తకుండానే, “ఆ అమ్మికి నువ్వే సెప్పాలి. నేను సెప్పను,” అన్నాడు.

చెప్పనక్కర్లేదు, ఆమె నా వెనకే ఉంది. అయినా ఆమె వైపు తిరిగి మొత్తం చెప్పాను. వీడియో ఉండేదనీ, దాన్ని నేనే తీసేశాననీ చెప్పాను. తీసేశాను కాబట్టి అందులో ఉన్నదంతా నా నోటితోనే చెప్పాల్సి వచ్చింది, అతని మాటా నా మాటా. “ఏ ఊరికి” అన్నచోట మాట సగంలో తెగింది. లిప్సా ఆగింది, నేను ఆ మాట పూర్తి చేసేదాకా.

“మా బాపా నవ్వేడా?” అని అడిగింది.

“లేదు.”

“మళ్లీ సెప్పేడా?”

“మళ్లీ సెప్పేడు. గోడ మీద సెయ్యి పెట్టి.”

ఆమె చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది. “రెండుసార్లు సెప్పేడన్నమాట,” అంది. నా మొహం వైపు చూడలేదు. గంప ఎత్తుకుని దుకాణం ముందరి వసారాలోకి వెళ్లి, అక్కడ కూర్చుని మిగిలిన పప్పు చేత్తోనే పొట్లాలు కట్టింది.

ఆ సాయంత్రమూ మర్నాడూ కళాసీలతో పాటు నేనూ నాన్నా బస్తాలు జరిపాం. మూడోరోజు పొద్దున్న తాపీమేస్త్రీ వచ్చి, గోడ పైవరసలో గునపం పెట్టి రెండు పోట్లు పొడిచాడు. మూడో పోటు వెయ్యనక్కర్లేకపోయింది. గోడ మొత్తం ఒక్కపెట్టున లోపలికి పడుకుంది. రేకులకి స్తంభాలు వేరే ఉండటం వల్ల కప్పు నిలబడింది. దుమ్ము దిగాక చూస్తే, లిప్సా పీట ఉన్నచోట ఇటుకలు నడుం ఎత్తున ఉన్నాయి. గోడ ఉన్నచోట ఎర్రమట్టి, తడిగా, మా వైపే ముందుకొచ్చి నిలబడి ఉంది. ఎన్నేళ్ల నుంచి తోస్తోందో మరి.

నాన్న కళాసీలందరినీ పిలిచాడు. కల్యాణసింగ్‌పూర్ వైపు వాళ్లని పేరుపేరునా పిలిచాడు. “ధనుంజయ్ పేర్పులో తప్పు లేదు,” అన్నాడు ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి. “గోడ జరిగిందని అతను ముందే సెప్పేడు. మేం ఇనలేదు.” నా పేరెత్తలేదు. మేం అన్నాడు. ఆ ‘మేం’లో ఆయన తన తల కూడా వంచి పెట్టడం నాకు తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

దసరాకి రెండు రోజులుందనగా వాన వెలిసింది. సెలవులవగానే మనీష కొరాపుట్ వెళ్లి ప్రాజెక్టు చూపించాలి. తోపు సంగతి తేలలేదు. గొడౌన్‌లో గోడ పడ్డ రోజునే మనీష గేమ్‌లోనూ గోడ చెరిపేసింది. మునుపు గోడ లేని లెవెల్‌లోకి రానివాడు, ఇప్పుడు రావడం మానలేదు. చెరిపేసిన గోడ దగ్గరే నిలబడ్డాడు. తోయడానికేమీ లేదు, నోరు ఆడటం లేదు. నిలబడి నాలుగు నిమిషాలకోసారి మెడ తుడుచుకుంటాడు. తియ్యబోతే గేమ్ మొత్తం ఆగిపోతోంది.

“ఇలాగే సూపించీ,” అన్నాను.

“ఏటని సూపించను? ఇతనెవరు, ఎందుకు నిలబడ్డాడంటే ఏటని సెప్పను?”

వసారాలోంచి లిప్సా లేచి వచ్చింది. రథయాత్ర నాటి నుంచి ఆ తెర వంక ఒక్కసారి కూడా చూడని మనిషి, చేతులు కొంగుకి తుడుచుకుని, మనీష పక్కన కూర్చుంది. చూస్తూ కూర్చుంది. తోపు మెడ తుడుచుకున్నాడు. ఇంట్లో వాళ్లు దేశియాయే మాట్లాడుకుంటారు. కాని తండ్రి మా గొడౌన్లో నేర్చుకున్న మాటే ఎందుకు పట్టుకుందో, తెలుగులో అంది, మెల్లిగా, దారికడ్డంగా నిలబడ్డ మనిషితో అన్నట్టు.

“గోడ పడిపోయింది బాపా. నేను బాగున్నాను. ఇంక జరుగు.”

తోపు చెయ్యి దించాడు. కుడివైపు తిరిగాడు. భుజం ఒరగకుండా, కాలు మాత్రం కొంచెం ఈడుస్తూ, పెట్టెల్ని ముట్టుకోకుండా నడిచాడు. గొడుగు పిల్లని దాటాడు. ఆఖరి గుంత అంచుదాకా వెళ్లాడు.

“అటుపక్క నేనింకా నేల గియ్యలేదు,” అంది మనీష.

ఆ గియ్యని నేల మీదే నడుచుకుంటూ తెర దాటిపోయాడు. మళ్లీ రాలేదు. మనీష కాలేజీలో చూపించిన గేమ్‌లో శత్రువు లేడు, అందుకు మార్కులు తగ్గించారు.

ఆ మధ్యాహ్నం ఆ బల్ల చుట్టూ మా చెల్లెలు, అమ్మ, నాన్న, నేను, లిప్సా అందరం ఉన్నాం. ధనుంజయ్ జరిగాడు. ఏ ఊరికని ఎవరమూ అడగలేదు.